డ్యూరాండ్ కప్పు, 1950: హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు తొలి విజయం

భారతదేశపు ఫుట్‌బాల్ పోటీలలో అన్నిటికంటే పాతదైన డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో బ్రిటిష్ సైనిక దళాల కోసం మొదలైంది. 1940లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచేదాకా ఆ కప్పు ఏ భారతీయ జట్టుకూ దక్కలేదు. ఆ తరువాత యుద్ధం వల్లా దేశ విభజన వల్లా పోటీయే నిలిచిపోయింది. 1950లో ఢిల్లీలో అది తిరిగి ప్రారంభమైనప్పుడు, 1911లోనే బ్రిటిష్ సైనిక జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచిన మోహన్ బగాన్ ఒకవైపు, హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరాక ఏర్పడిన కొత్త పరిస్థితుల్లో నిలదొక్కుకుంటున్న నగరపు పోలీసు ఉద్యోగుల జట్టు మరొకవైపు ఫైనల్‌లో తలపడ్డాయి. మొదటి ఆట 2-2 గోల్స్‌తో సమంగా ముగియగా, విజేతను తేల్చడానికి మళ్లీ ఆడించిన ఆటలో, అంటే రీప్లేలో, హైదరాబాద్ 1-0తో గెలిచింది.

ఈ విజయాన్ని అదృష్టంగా భావించడానికి వీలులేదు, ఎందుకంటే అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచిన ఈ జట్టు 1954 వరకు వరుసగా ఐదుసార్లు దానిని నిలబెట్టుకుంది. హైదరాబాద్ నుంచి బొంబాయికి పోయే రైలు దారి, 1874 నుంచి ఉన్న వాడి మార్గం, అనంతగిరి కొండల చెంతనున్న వికారాబాద్, తాండూరుల మీదుగానే సాగుతుంది కనుక ఆ కీర్తిలో ఈ ప్రాంతానికీ ఒక దగ్గరితనం ఉంది.

జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో బోధించిన ఆయన, ఆటను కూడా పాఠంలాగే క్రమపద్ధతిలో నేర్పారు. బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ఒక్కడే ముందుకు తీసుకుపోవడాన్ని, అంటే డ్రిబ్లింగును, నిషేధించి పోటీలు పెట్టడం వల్ల ఆటగాళ్లు తోటివారికి వెంటనే పాస్ ఇవ్వక తప్పేది కాదు. వాటంలేని కాలితోనే తన్నాలనే పోటీల వల్ల రెండు కాళ్లూ సమానంగా సాధనలోకి వచ్చేవి. ఈ చదువు ఖరీదైనది కాదు, దానికి మైదానమూ ఓపికా చాలు. నిజానికి హైదరాబాద్ ఫుట్‌బాల్ సాధించినవాటిలో అన్నిటికంటే విలువైనది ఈ బోధనాపద్ధతే. రహీం శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మెల్‌బోర్న్ జట్టులో సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం కూడా ఉన్నారు.

పోలీసు జట్టు 1954, 1957లలో మళ్లీ డ్యూరాండ్ కప్పు సాధించి, 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో నాలుగోసారి గెలిచింది. 1963 జూన్‌లో రహీం మరణించారు.

1950 విజయానికి డెబ్బై అయిదేళ్లు నిండిన ఈ సందర్భంలో వికారాబాద్, తాండూరు పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు ఏటా ఒక్కసారైనా డ్రిబ్లింగు లేని పోటీని, వాటంలేని కాలి పోటీని పిల్లలకు నిర్వహించాలి.