నంజుకోవడానికి

బెంగుళూరులో ఒక స్నేహితురాలి ఇంట్లో మొదటిసారి బీరుతోపాటు చీజ్ కరిగించి పోసిన రొట్టె తిన్నాను. కొవ్వు నాలుకను కప్పేస్తుంటే బీరు చేదూ నురగా దాన్ని కడిగేశాయి. నాకేమీ కొత్తనిపించలేదు. హిందూపురంలో నాన్న ఈతకల్లు ముందు కూర్చుంటే అమ్మ మిరపకాయ బజ్జీలు వేసేది. పెనుకొండ మేనత్త ఉలవగుగ్గిళ్ళు తాలింపు పెట్టేది. కల్లు పులుపుకు ఎంత కారం, ఎంత ఉప్పు పట్టాలో వాళ్ళకు తెలుసు, గుక్కెడు తాగకుండానే. (కూలికెళ్ళే ఆడవాళ్ళు తాగేవాళ్ళు. తాగకపోవడం మా ఇళ్ళ మర్యాద.)

ఇంగ్లండులో 14వ శతాబ్దం దాకా ఏల్ పులియబెట్టి అమ్మినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. హాప్స్ వేసిన బీరు నిలవ ఉంటుంది, దూరాలకు పంపొచ్చు. దానికి పెట్టుబడి కావాలి. క్రమంగా ఆ వ్యాపారం మగవాళ్ళ చేతికి పోయిన తీరును జుడిత్ బెన్నెట్ 1996 నాటి పుస్తకంలో వివరించింది. పొయ్యి మాత్రం ఎవరూ లాక్కోలేదు.

మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాను తరిమారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరి 16న మద్యనిషేధం వచ్చాయి. అది తెచ్చిన ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు మా హిందూపురం ఎమ్మెల్యేనే. 1997లో ఎత్తేశారు. సీసా పగలగొట్టిన ఆడవాళ్ళను చరిత్ర రాసుకుంది. ఆ సీసా పక్కన పళ్ళెం పెట్టిన చేతుల్ని రాయలేదు.

నిషేధం రోజుల్లో ధర్మవరం పెద్దమ్మ, మగ్గం పక్కన కండెలు చుట్టడం ముగించి, సాయంత్రం మామూలుగానే బాణలి పెట్టింది.

"ఇప్పుడెవరికి పెద్దమ్మా?" అన్నాను.

"నాకే," అంది.