పుదుచ్చేరి బోరుబావులు: దించిన పరికరం సరైన చోట నిలవడమెలా?

పుదుచ్చేరి పట్టణానికి తాగునీరు ప్రధానంగా బోరుబావుల నుంచే అందుతోంది. తెలంగాణలోనో రాయలసీమలోనో బోరు వేయడం చూసినవారికి ఇక్కడి పని వేరుగా కనిపిస్తుంది. అక్కడి గ్రానైటు నేలల్లో పైనున్న మెత్తని భాగం వరకే కేసింగు పైపు దించుతారు. దాని దిగువన రాతిలో రంధ్రం తనంతట తానే నిలుస్తుంది. పుదుచ్చేరి అడుగున ఉన్నవి ఒండ్రుమట్టి, ఇసుక, బంకమట్టి, కడలూరు ఇసుకరాయి వంటి పొరలు. చివరి వరకూ కేసింగు లేకపోతే గోడలు కూలి బోరు పూడిపోతుంది. అందువల్ల ఇక్కడ తవ్వకం ఎంత ముఖ్యమో, తవ్విన రంధ్రంలోకి దించినది సరైన లోతులో, తిన్నగా, కదలకుండా కూర్చోవడం అంతకన్నా ముఖ్యం.

ఈ నేలలో లోతైన బోర్ల చరిత్ర ఫ్రెంచి పాలన నాటిది. 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఇక్కడ వేసిన బోర్లలో నీరు దానంతట అదే పైకి ఉబికి వచ్చింది. వీటిపై భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1880లో ఒక వ్యాసం ప్రచురించారు. 1880లలోనే బాహూరు ప్రాంతంలో బోరు వేస్తుండగా లిగ్నైట్ బయటపడింది. ఉబికి వచ్చే నీటికి మోటారు అవసరం లేదు. నీటిమట్టం పడిపోయాక మోటారు దించక తప్పలేదు. దానితోపాటే అమరిక సమస్య కూడా బోరులోకి దిగింది.

మొదటి చిక్కు లోతుది. నీరు లోపలికి రానిచ్చే చీలికల పైపు, అంటే ఫిల్టరు, ఇసుక పొరకు ఎదురుగా ఉండాలి. తవ్వకం పూర్తికాగానే విద్యుత్ లాగింగ్ పరికరాన్ని తీగకు కట్టి దించి పొరలను గుర్తిస్తారు. మంచినీటి ఇసుక అధిక నిరోధాన్ని చూపుతుంది. బంకమట్టి తక్కువ నిరోధాన్ని చూపుతుంది. తీరప్రాంతంలో ఉప్పునీరున్న ఇసుక కూడా తక్కువే చూపుతుంది గనుక ఒక్క కొలతతో ఈ రెండింటినీ వేరుచేయలేం. సహజ గామా కొలత కూడా తీసుకుంటే బంకమట్టి సంగతి తేలుతుంది. ఇంత చేసినా, తీగ చెప్పిన లోతుకూ పైపుల లెక్క చెప్పిన లోతుకూ రెండు మీటర్ల తేడా వస్తే, సన్నని ఇసుక పొర ఉన్నచోట ఫిల్టరు బంకమట్టికి ఎదురుగా నిలుస్తుంది. ప్రతి పైపునూ దించేముందు టేపుతో కొలిచి వరుస సంఖ్యతో రాసుకోవడం చిన్న పనే. అయినా తొందరలో ముందుగా వదిలేసేది దాన్నే.

రెండవది తిన్నదనం. గొట్టపుబావులపై భారతీయ ప్రమాణం ఐఎస్ 2800 ప్రకారం వాలు 30 మీటర్లకు 10 సెంటీమీటర్లను మించరాదు. పైగా ఆ వాలు ఒకే దిశలో, ఒకే తలంలో ఉండాలి. రెండో షరతుకు తగిన కారణం ఉంది. కాస్త వాలినా తిన్నగా ఉన్న బోరులోకి మోటారు దిగుతుంది. వంపు తిరిగినదానిలో మధ్యలోనే ఇరుక్కుంటుంది. మోటారు కన్నా ముందుగా, కేసింగు కన్నా కొంచెం సన్నని గట్టి పైపు ముక్కను దించి చూస్తే ఈ సంగతి ముందే తెలుస్తుంది.

తీరప్రాంతంలో అసలు నష్టం వచ్చేది మూడవచోట. పై పొరలోని ఉప్పునీరు కేసింగు వెలుపలి సందు గుండా కింది మంచినీటి పొరలోకి జారకుండా, మధ్యనున్న బంకమట్టి పొర వద్ద సిమెంటుతో మూయాలి. కేసింగు ఒక పక్క గోడకు ఆని ఉంటే అక్కడికి సిమెంటు చేరదు. అదే కాలువగా మారుతుంది. కేసింగు చుట్టూ ఉక్కు పట్టీల సెంట్రలైజర్లు బిగిస్తే అది రంధ్రం నడుమ నిలుస్తుంది. సిమెంటును పైనుంచి పోయకుండా, సన్నని గొట్టం ద్వారా అడుగు నుంచి పైకి నింపాలి. ఇక్కడ లోపం జరిగితే చెడేది ఒక ఇంటి బోరు మాత్రమే కాదు, పొరుగువారంతా తాగే పొర.

మోటారు బిగింపు ప్రశ్న వేరు. స్విచ్చు వేసిన క్షణాన మోటారు ఒకవైపు తిరగబోతే, దాని ఒడి మరోవైపు మెలితిరుగుతుంది. రోజూ పలుమార్లు ఇలా జరిగితే మరలు వదులవుతాయి, కేబులు గోడకు ఒరుసుకుంటుంది. కీళ్ల వద్ద తీగ లాకు ఉన్న యూపీవీసీ కాలమ్ పైపులు, మోటారుకు పైన గోడలను అదిమిపట్టే రబ్బరు పట్టీ ఈ మెలికను అదుపుచేస్తాయి. మోటారును ఫిల్టరుకు ఎదురుగా ఉంచకూడదు. నీరు పక్కనుంచే పంపులోకి పోతే మోటారు ఒంటి మీదుగా ప్రవహించదు, అది వేడెక్కుతుంది.

చమురు బావుల్లో ఈ అమరికను చూపుకు కాక ఆకారానికి అప్పగించారు. పరికరం అడుగు అంచును ఏటవాలుగా కోస్తారు. అది ఎటు తిరిగి దిగినా ఆ వాలు ఒక పిన్నుపై జారి, పరికరాన్ని తిప్పి గాడిలోకి చేరుస్తుంది. అటుపై స్ప్రింగు పళ్లు పైపు లోపలి గాడిలోకి తెరుచుకుని బిగుస్తాయి. 2006లో కృష్ణా–గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల కోసం జాయిడెస్ రిజల్యూషన్ నౌక తవ్వినప్పుడు వాడిన నమూనా గొట్టాల్లో కొన్ని ఇలా స్ప్రింగు పళ్లతో తాళం పడేవే.

ఇంటి బోరుకు అంత ఖర్చు అక్కరలేదు. అయితే పరికరం దిగిందనుకోవడం వేరు, సరిగా దిగిందని తేల్చుకోవడం వేరు. కేసింగు దించాక అడుగును బరువు కట్టిన టేపుతో తాకి చూడవచ్చు. అనుమానముంటే బోరు కెమెరా దించవచ్చు. పైపుల లెక్క, లాగింగ్ పటం, సిమెంటు నింపిన లోతు, మోటారు ఉన్న లోతు రాసిన కాగితాన్ని డ్రిల్లర్ దగ్గర వదిలేయకుండా యజమాని తన వద్ద ఉంచుకోవాలి. పదేళ్ల తర్వాత మోటారు పైకి తీయాల్సి వచ్చినప్పుడు అవసరపడేది అదే.