గుండ్లకమ్మ దాటని సంతకం

సూళ్లూరుపేట నుంచి ఒంగోలు దాకా బకింగ్‌హాం కాలువ వెంబడి ఊళ్లలో చర్చి బోర్డులు చదువుకుంటూ పోతే తెలుగు క్రైస్తవ చరిత్రలోని ఒక చిక్కుముడి ఎదురవుతుంది. దక్షిణాన 1865లో జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్ మొదలుపెట్టిన లూథరన్ సంఘాలు, నెల్లూరు నుంచి పైకి అమెరికన్ బాప్టిస్టులవి, మధ్యమధ్య 1928లో ఏర్పడ్డ నెల్లూరు కతోలిక మేత్రాసనం గుళ్లు. వేర్వేరు ప్రొటెస్టంటు శాఖలు ఏకమై 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పుట్టిన దక్షిణ ఇండియా సంఘం, అంటే మనం సి.ఎస్.ఐ. అనేది, మెదక్‌లోనూ కృష్ణా జిల్లాలోనూ వేళ్లూనినట్టు ఇక్కడ వేళ్లూనలేదు. ఆ ఐక్యత కోసం తెలుగునాట అందరికంటే ఎక్కువ పాటుపడ్డవాడు దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన మాట ఈ తీరాన ఎందుకు చెల్లలేదు? డబ్బు అంటారు, కులం అంటారు, బాప్టిస్టుల మొండితనం అంటారు. నాకు మాత్రం అసలు కారణం ఏటి నీళ్లలో కనిపిస్తుంది.

అజరయ్య పుట్టింది 1874లో, తిరునల్వేలి సీమలో. తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో పనిచేసిన తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1919 మేలో తరంగంబాడిలో ఐక్యతా ప్రకటన మీద సంతకం పెట్టాడు. ఊరి చివర గూడెంలో క్రీస్తును నమ్ముకున్న మనిషికి ఇంగ్లండులోనో అమెరికాలోనో పుట్టిన శాఖాభేదాలతో పనేమిటన్నది ఆయన వాదనకు ప్రాణం. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు చర్చలు సాగాయి. పేచీ అంతా ఒక్కచోటే: బిషప్ చేతి అభిషేకం లేని పాస్టర్లు ఇచ్చే సంస్కారాలు చెల్లుతాయా, చెల్లవా? చివరికి ఎవరికీ మళ్లీ అభిషేకం చేయనక్కర్లేదనీ, ఇకమీదట అభిషేకాలు మాత్రం బిషప్పులే చేయాలనీ, రెండు రకాల పాస్టర్లూ ముప్పై ఏళ్లపాటు కలిసి నడవాలనీ రాజీ కుదిరింది. ఆ రోజు చూడకుండానే అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు.

ఈ రాజీ విలువ తెలియాలంటే అంతకు రెండున్నర శతాబ్దాల కిందటి ఒక రుమేనియన్ బిషప్ కథ చూడాలి. ట్రాన్సిల్వేనియాలో ఆర్థడాక్స్ రుమేనియన్లది ప్రభుత్వం గుర్తించిన నాలుగు మతాల్లో చేరని మతం. వాళ్ల పూజారుల బతుకు వెట్టి రైతుల బతుకుకు దగ్గర. హాప్స్‌బర్గ్ చక్రవర్తి లియోపోల్డు, రోముతో కలిస్తే కతోలిక గురువులకున్న హక్కులు మీకూ ఇస్తానన్నాడు. బిషప్ అతనాసియె అంగెల్ 1698లో తన పెద్ద పూజారులతో కలిసి ఒప్పుకున్నాడు, 1700లో సభ పెట్టి ఖాయం చేశాడు. వాళ్లు పట్టుబట్టిన షరతు గమనించాలి: పూజావిధానం, పండుగలు, ఆచారాలు మారకూడదు. పల్లెల్లో ఆరాధన అలాగే సాగింది, బిషప్ గతి వేరైంది. 1701లో ఆయన్ని వియన్నాకు పిలిపించి, కార్డినల్ కొల్లోనిచ్ చేత మళ్లీ అభిషేకం చేయించారు. అంతకు ముందు ఆయన పొందిన అభిషేకం మీద అనుమానమని దాని అర్థం. ఈ అనుమానమే తరవాత ఎదురు తిరిగింది. 1744లో విసారియోన్ అనే సన్యాసి ఊరూరా తిరిగి, రోముతో ఏకమైన పూజారుల చేతి సంస్కారాలు తీసుకోవద్దని బోధిస్తే పల్లెలకు పల్లెలే కదిలిపోయాయి. 1759లో సొఫ్రోనియె నాయకత్వంలో అది తిరుగుబాటే అయింది. జనం కలవరపడింది తమ బిడ్డల బాప్తిస్మం, తమ పెళ్లిళ్లు చెల్లవేమోనన్న భయంతోనని నా అభిప్రాయం. పోపు గారి అధికారం గురించిన తర్కం వాళ్లకు చాలా దూరపు సంగతి.

మళ్లీ మన తీరానికి వద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే కావడంతో 1853లో అమెరికాలో ఈ మిషన్‌ను మూసేద్దామనుకున్నారు. ఇక్కడి మిషనరీ లైమన్ జూయెట్ పట్టుబట్టి నిలబెట్టాడు. 1866లో జాన్ క్లౌ దొర, అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలుకు చేరాడు. అదే ఏడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకోవడంతో దారి తెరుచుకుంది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ కట్టు వదిలాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ రోజు ఏట్లో దిగి ముంచింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. ఊరి బావి తాకనివ్వని మనుషులకు తమవాళ్ల చేతుల మీదుగా ఏట్లో దక్కిన సంస్కారమది. ఇష్టపడి, తెలిసి, నలుగురి ముందు మునగడమే సంఘంలో చేరడం. పసిబిడ్డ నుదుట చిలకరించిన నీళ్లు కూడా దీనికి సమానమేనని ఒప్పుకోమంటే, ఆ మాట గుండ్లకమ్మ ఒడ్డున ఎలా వినిపిస్తుందో ఊహించవచ్చు. ఐక్యత చర్చల్లో కూర్చున్నవి మూడు పక్షాలే: ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్-కాంగ్రిగేషనల్ సంఘాలు. పసివాళ్లకు బాప్తిస్మం ఆ మూడింటిలోనూ ఆనవాయితీయే.

అమెరికా డాలర్ల కోసమే బాప్టిస్టులు విడిగా ఉన్నారనే వాదన నిలవదు. లండన్ పౌండ్ల మీద నడిచిన మెదక్ మెథడిస్టులు కలిశారు కదా. కులం సంగతి అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, దోర్నకల్ బిషప్ మండలంలో మాలలు ఎక్కువ. ఆ ఎడం నిజం. కానీ మాలలు ఎక్కువగా ఉన్న గుంటూరు లూథరన్లు కూడా బయటే ఉండిపోయారు. ఇక మొండితనం బాప్టిస్టుల సొత్తేమీ కాదు. అజరయ్య సొంత మండలంలోని నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది 1947లో చేరనన్నారు. బిషప్ అభిషేకం లేని పాస్టర్ల చేతి సంస్కారం మీద వాళ్లకు నమ్మకం కుదరలేదు. నంద్యాలలో అభిషేకం, నెల్లూరులో మునక. ప్రాణంగా పట్టుకున్న సంస్కారం జోలికి పోనంతవరకే జనం నాయకుడి వెంట వచ్చారు.

తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం 1962లో స్వతంత్ర సంస్థ అయింది, కేంద్రం నెల్లూరు. రెండేళ్లకే, 1964లో, రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మొదలైంది. బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్లు కలిసి పెట్టుకున్న ఆ కళాశాల 1973లో హైదరాబాదుకు మారింది. కలవని సంఘాల కాబోయే పాస్టర్లు అక్కడ ఒకే బెంచీ మీద పాఠం వింటారు. చదువయ్యాక ఎవరి బాప్తిస్మానికి వాళ్లు వెళతారు.