ఒక తండ్రి, ఇరువురు సేనానులు

నేను పాఠశాలలో భారతము చెప్పుచుండిన కాలమున, ఉద్యోగపర్వము వచ్చినప్పుడెల్ల ఎవడో యొక విద్యార్థి లేచి, "పంతులుగారూ, తోడబుట్టినవారు నిజముగా నిట్లు పోరుదురా?" అని యడుగుచుండెడివాడు. అందులకు నేను అమెరికా దేశపు క్రిటెండెన్ సోదరుల కథను చెప్పుచుండెడివాడను.

కెంటకీ రాష్ట్రము ఆ దేశమున ఉత్తర దక్షిణములకు నడిమి సరిహద్దు. ఉత్తరపక్షమున కధ్యక్షుడైన లింకనును, దక్షిణపక్షమున కధ్యక్షుడైన జెఫర్సన్ డేవిసును పుట్టిన గడ్డ యదియే. ఆ రాష్ట్రము పక్షమున సెనేటు సభలో నుండిన వృద్ధుడు జాన్ క్రిటెండెన్. 1860 డిసెంబరులో దేశము చీలనున్న తరుణమున నాతడు సంధి ప్రతిపాదన మొకటి తెచ్చెను. అది నెగ్గలేదు. 1861 ఏప్రిలులో యుద్ధ మారంభమయ్యెను.

పెద్దకుమారుడు జార్జి దక్షిణసేనలో జేరెను. తమ్ముడు తామస్ ఉత్తరసేనలో నిలిచెను. మునుపు మెక్సికో యుద్ధమున నొకే జెండా క్రింద పోరినవారు, ఇప్పుడు శత్రుసేనలలో మేజర్ జనరళ్లైరి. 1862 జనవరి 19వ తేదీన స్వరాష్ట్రమందలి మిల్ స్ప్రింగ్సు వద్ద జార్జి సేన యోడి నది దాటి పాఱిపోయెను. త్రాగుడు నిందయు మీదబడగా నాతడు ఆ యేడే పదవి విడిచెను. తామస్ షైలో మొదలగు యుద్ధములలో పోరెను గాని, 1863 సెప్టెంబరున చికమాగా పరాజయము పిమ్మట అధికారమునుండి తొలగింపబడెను. విచారణలో నిర్దోషి యని తేలినను, 1864 డిసెంబరున నాతడును రాజీనామా నిచ్చెను. తండ్రి యుద్ధాంతమును చూడకయే 1863 జులైలో కన్నుమూసెను.

ఇంతవరకు చెప్పి నేను తండ్రికై జాలిపడుచుంటిని. తరువాత నా సంధి షరతులను చదివితిని. ఒక రేఖకు దక్షిణమున బానిసత్వమును శాశ్వతముగా నిలుపుట యందు ముఖ్యమైన షరతు. అప్పటి కా దేశమున బానిసలు సుమారు 40 లక్షలు. వారి యభిప్రాయము నెవ్వరు నడుగలేదు. పాండవులు అయిదూళ్లు చాలునన్నప్పుడు వదలుకొన్నది తమ భాగమును; ఇచ్చట వదలుకొన్నది పరుల బ్రతుకులను. కెంటకీ బానిసలకు పూర్తి విముక్తి 1865 డిసెంబరున రాజ్యాంగ సవరణముతో గాని కలుగలేదు.

1880లో జార్జియు, 1893లో తామసును మరణించిరి. తండ్రి నిద్రించు ఫ్రాంక్‌ఫర్టు శ్మశానమందే వారిద్దరి సమాధులును గలవు. నేడు ఆ విద్యార్థి మరల నడిగినచో, ఈ మువ్వురి కథతోపాటు ఆ 40 లక్షలమంది కథయు చెప్పుదును.