ఆకలి కోసం పుట్టిన లెక్క

బరువు తగ్గాలనుకునేవాళ్లు ఇవాళ ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా చూసుకునే క్యాలరీల లెక్క, బరువు తగ్గించడం కోసం పుట్టింది కాదు. తక్కువ కూలితో ఇల్లు గడుపుకునే మనిషి ఆ డబ్బుతోనే ఒంటికి చాలినంత తిండి ఎలా సమకూర్చుకోవాలన్న ప్రశ్నలోంచి పుట్టింది. ఈ సంగతి తెలిశాక ఆ అంకెల మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ ప్రశ్న వేసుకున్నవాడు విల్బర్ ఆట్‌వాటర్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త. జర్మనీలో కార్ల్ ఫాయిట్ దగ్గర పని నేర్చుకుని వచ్చి, 1890లలో కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ రోజా అనే భౌతిక శాస్త్రవేత్తతో కలిసి లోహపు గోడల చిన్న గది ఒకటి కట్టాడు. లోపల మంచం, కుర్చీ, బల్ల. మనిషి రోజుల తరబడి అందులోనే ఉండాలి. లోపలికి పంపే ప్రతి ముద్దనూ తూచేవారు. బయటికి వచ్చే మలమూత్రాలను, విడిచిన గాలిని పరీక్షించేవారు. ఒంటి వేడిని గొట్టాల్లో పారే నీరు తీసుకుపోయేది. ఆ నీరు ఎంత వెచ్చబడిందో చూస్తే మనిషి ఖర్చుపెట్టిన శక్తి తెలిసేది. కొన్నాళ్లు ఊరికే కూర్చోబెట్టి, కొన్నాళ్లు కదలని సైకిల్ తొక్కించి చూశారు. తిండి ఇచ్చిన శక్తికీ, ఒళ్లు ఖర్చుపెట్టిన శక్తికీ లెక్క సరిపోయింది.

పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు 4, కొవ్వు 9 క్యాలరీలు అన్న అంకెలు ఈ కృషిలోంచే వచ్చాయి. ఒక క్యాలరీ అంటే కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే శక్తి. మాంసకృత్తులను పరికరంలో పూర్తిగా కాలిస్తే గ్రాముకు అయిదున్నర పైనే వస్తుంది. ఒంట్లో మాత్రం అందులో కొంత యూరియాగా మూత్రంలో పోతుంది. ఆ నష్టాన్ని కూడా తీసేసి లెక్కగట్టడంలోనే ఆయన పనితనం ఉంది. 1896లో చార్ల్స్ వుడ్స్‌తో కలిసి ఆయన తయారుచేసిన ఆహార పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ అచ్చువేసింది. చవగ్గా దొరికే ఏ తిండిలో ఎక్కువ సత్తువ ఉందో కార్మిక కుటుంబాలకు తెలియాలన్నది ఆట్‌వాటర్ తపన.

ఈ లెక్కను తలకిందులు చేసింది లాస్ ఏంజెలెస్ డాక్టరు లూలూ హంట్ పీటర్స్. 1918లో బరువు తగ్గడం గురించి ఆమె రాసిన చిన్న పుస్తకం, రొట్టెముక్క అని కాకుండా నూరు క్యాలరీల రొట్టె అని అనుకోవడం పాఠకులకు నేర్పింది. యుద్ధకాలంలో తిండి పొదుపు దేశసేవ అన్న మాట అందుకు తోడైంది. పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది.

మన దేశంలో మాత్రం క్యాలరీ చాలాకాలం ఆకలి పక్షానే నిలిచింది. నీలగిరుల్లోని కూనూరు ప్రయోగశాలకు అధిపతిగా ఉన్న వాలెస్ ఏక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారాల పోషక విలువల పుస్తకం తెచ్చాడు. కొన్నేళ్లకు బెంగాల్ కరవు మీద వేసిన విచారణ సంఘంలో ఆయనే సభ్యుడయ్యాడు. ఆ ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1971లో కొత్త పట్టికలు ఇచ్చారు. రోజుకు పల్లెలో 2400, పట్నంలో 2100 క్యాలరీలు కొనుక్కోలేనివాడు పేద అని 1979లో ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం గీత గీసింది. 2017లో తార్నాక సంస్థ దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి, ఎక్కడికక్కడ నమూనాలు సేకరించి, 528 ఆహారాలను పరీక్షించి పెద్ద పట్టిక వెలువరించింది. ఒక్కో పప్పునూ ఆకుకూరనూ తెప్పించి, శుభ్రం చేసి, నూరి, కొలిచిన మనుషుల ఓపిక ఆ పేజీల్లో ఉంది. మన తిండి గురించి ఇంత శ్రద్ధగా జరిగిన పని తక్కువ.

ఇక ఇంటర్నెట్ సంగతి. అమెరికాలో మైక్ లీ అనే ప్రోగ్రామర్ పెళ్లికి ముందు బరువు తగ్గాలనుకున్నాడు. శిక్షకుడు మూడు వేల ఆహారాల విలువలున్న పుస్తకం చేతికిచ్చి, తిన్నదంతా కాగితం మీద రాసుకోమన్నాడు. అది పక్కన పడేసి సొంతంగా రాసుకున్న ప్రోగ్రామే 2005లో ఉచితంగా బయటికొచ్చిన మైఫిట్‌నెస్‌పాల్. అందులోని ఆహారాల జాబితాను ఎక్కువగా పెంచింది వాడుకునేవాళ్లే. పదేళ్లకు అండర్ ఆర్మర్ అనే కంపెనీ దాన్ని 47.5 కోట్ల డాలర్లకు కొన్నది.

భారతీయ యాప్ కథలో మళ్లీ ఆకలే కనిపిస్తుంది. 2011లో ప్రణాళికా సంఘం పట్నంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు బతకడానికి చాలన్నట్టు సుప్రీంకోర్టుకు చెప్పినప్పుడు దేశమంతా దుమారం రేగింది. తుషార్ వశిష్ఠ, మాథ్యూ చెరియన్ అనే ఇద్దరు యువకులు అలా బతికి చూద్దామని పూనుకున్నారు. మొదట బెంగుళూరులో రోజుకు వంద రూపాయలతో, తర్వాత కేరళ పల్లెలో 26 రూపాయలతో. ఖర్చుతోపాటు తిండి శక్తినీ లెక్కచూసుకున్నారు. ఆ మరుసటి ఏడాదే బెంగుళూరులో హెల్దీఫైమీ అనే యాప్ మొదలైంది, దాని స్థాపకుల్లో వశిష్ఠ ఒకరు. తార్నాక సంస్థ కూడా తన పట్టికల ఆధారంగా న్యూట్రిఫై ఇండియా నౌ అనే ఉచిత యాప్ తెచ్చింది.

మన వంటకు నేను నమ్మేది తార్నాక అంకెలనే. అందరూ కలిసి నింపిన జాబితాలో దోశ అని వెతికితే పొంతనలేని విలువలు నాలుగైదు వస్తాయి. పెనం మీద ఎంత నూనె పడిందో రాసినవాళ్లకే తెలుసు. తార్నాక పట్టిక కొలిచింది మాత్రం ఎక్కువగా వండని దినుసులనే, కాబట్టి దాన్ని వాడేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. నూరు గ్రాముల బియ్యం దాదాపు 350 క్యాలరీలు. అవే ఉడికి నీళ్లు పీల్చుకుంటే రెండున్నర రెట్లకు పైగా బరువు తూగుతాయి. అన్నం తూచి బియ్యం అంకె వేసుకుంటే తిన్నదానికి రెండింతలకు పైనే లెక్కవుతుంది, బియ్యం తూచి అన్నం అంకె వేసుకుంటే సగం కూడా లెక్కకు రాదు. పప్పు, బియ్యం పొయ్యి ఎక్కకముందే తూచి, తాలింపు నూనెను చెంచాతో కొలిచి, ఇంట్లో ఎంతమంది తిన్నారో దాన్నిబట్టి భాగించుకోవడం మేలు. చిన్న చెంచా నూనె నలభై క్యాలరీల పైమాటే.