చేత్తో నడిపితే నడుస్తుంది, సర్వీసుగా లేవదు!

"చేత్తో నడిపితే బానే నడుస్తోంది సార్, సర్వీసుగా పెడితేనే లేవట్లేదు." ఈ డైలాగు వినని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉండడేమో. కొన్నేళ్ళ క్రితం ఓ రిలీజు రాత్రి మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఇదే మాటంటే, "సరిగ్గా టెస్టు చెయ్యకుండా కబుర్లు చెప్పకు" అని అందరిముందూ కసిరాను. తెల్లవారుజామున మూడింటికి తేలిందేంటంటే, అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ తగువు వయసు అతని కోడు కంటే చాలా ఎక్కువ.

1963లో ఎంఐటీలో ప్రాజెక్ట్ మాక్ మొదలైంది. ఐబీఎం 7094 మీద ఎవరూ కూర్చుని నడపకుండానే తెరవెనక పనిచేసుకుపోయే ప్రోగ్రాములకి అక్కడివాళ్ళు 'డీమన్' అని పేరు పెట్టారు. దెయ్యం కాదండోయ్! 1867లో మాక్స్‌వెల్ ఊహించిన, అణువుల్ని అలుపు లేకుండా ఏరి వేరుచేసే బుల్లి జీవి ఉంది చూశారూ, దాని పేరన్నమాట. ఆ జట్టుకి పెద్దైన ఫెర్నాండో కొర్బాటో చెప్పినదాన్నిబట్టి, ఫైళ్ళని టేపులకి బ్యాకప్ తీసే ప్రోగ్రామే బహుశా మొదటి డీమన్.

తరవాత యూనిక్స్ వచ్చింది. టెలిటైపు ముందు మనిషి కూర్చుని వాడే సిస్టం అది. ఫోన్ లైను తెగితే ఆ టెర్మినల్ తాలూకు ప్రోగ్రాములకి 'హ్యాంగప్' సిగ్నల్ వెళ్ళేది, మామూలుగా అవీ చచ్చేవి. అందుకని డీమన్ కావాలంటే ఫోర్క్ చేసి, తండ్రి ప్రాసెస్ తప్పుకుని, కొత్త సెషన్ పెట్టుకుని, రూట్ డైరెక్టరీకి మారాలి. ఒకరకంగా ఇల్లూవాకిలీ వదిలి సన్యాసం పుచ్చుకోవడమే.

1993లో విండోస్ ఎన్‌టీ ఇంకో దారి తొక్కింది. అక్కడ సర్వీస్ కంట్రోల్ మేనేజర్ అనే మేస్త్రి హాజరు పిలుస్తాడు. మామూలుగా 30 సెకన్లలో పలక్కపోతే 1053 ఎర్రర్. ఉత్త ఎక్సీని తీసుకెళ్ళి సర్వీసుగా రిజిస్టర్ చేస్తే జరిగేది ఇదే, దానికి పలకడం రాదు కదా!

2010లో వచ్చిన సిస్టమ్‌డీ అయితే "నువ్వు సన్యాసం పుచ్చుకోనక్కర్లేదు, ఉన్నచోటే ఉండు, మిగతాది నేను చూసుకుంటా" అంది. దీనిమీద పెద్ద యుద్ధమే జరిగింది. 2014లో డెబియన్ దీన్ని ఎంచుకుంటే, నచ్చనివాళ్ళు విడిపోయి డెవువాన్ పెట్టుకున్నారు. పాత అలవాటుకొద్దీ టైపు దగ్గర 'ఫోర్కింగ్' అని రాసి, ఫోర్క్ చెయ్యని ప్రోగ్రాము ఇచ్చామా, తండ్రి ఎప్పుడు తప్పుకుంటాడా అని ఎదురుచూసి, మామూలుగా 90 సెకన్లకి చంపేస్తుంది.

మా రాత్రి సమస్య అంత గొప్పది కూడా కాదు. కాన్ఫిగ్ ఫైలుకి పూర్తి పాత్ ఇవ్వలేదు. చేత్తో నడిపినప్పుడు కుర్రాడు ప్రాజెక్టు ఫోల్డరులో ఉన్నాడు. సర్వీసు మాత్రం రూట్ డైరెక్టరీలో లేచి, ఫైలు కనపడక పడిపోయింది. చేత్తో నడిపితే ప్రోగ్రాముతోపాటు మన లాగిన్, మన పాత్, మన ఫోల్డరూ నడుస్తాయి. సర్వీసుకి అవేవీ రావు. అందుకే ఇప్పుడు ముందు అడిగేవి నాలుగే: ఏ యూజరు, ఏ డైరెక్టరీ, ఏ ఎన్విరాన్‌మెంటు, లేపేవాడు ఏం ఆశిస్తున్నాడు? ఆ తరవాతే కోడు జోలికి.

మర్నాడు కుర్రాడికి సారీ చెప్పాను. కాకపోతే కసిరింది అందరిముందూ, సారీ చెప్పింది క్యాంటీన్లో ఓ మూల. ఆ బగ్గు మాత్రం నాదే.