ఆ టికెట్టు కొన్నదెవరు?

గాంధీని రైల్లోంచి దింపేశారు. ఈ సంగతి తెలియని పిల్లవాడు మన బళ్ళలో ఉండడు. 1893 జూన్ 7 రాత్రి, దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషను, మొదటి తరగతి పెట్టె, తెల్లవాడు, పోలీసు, వెయిటింగ్ రూములో వణికించే చలి. అన్నీ పాఠంలో ఉంటాయి. మొదటి తరగతి టికెట్టు చేతిలో ఉన్నా దింపేశారని మాస్టారు ఒత్తి మరీ చెబుతాడు. ఆ టికెట్టు ఎవరు కొన్నారని మాత్రం ఎవరూ అడగరు. మాస్టారూ చెప్పడు.

కొన్నవాడు దాదా అబ్దుల్లా. పోరుబందరు నుంచి పోయి డర్బన్‌లో స్థిరపడిన మేమన్ ముస్లిం. దుకాణాలున్నాయి, ఓడలున్నాయి. పెద్దగా చదువుకోలేదు గాని లోకం తెలిసినవాడు. ప్రిటోరియాలో ఉన్న తన దగ్గరి చుట్టం తయ్యబ్ సేట్ మీద నలభై వేల పౌన్ల దావా వేశాడు. కాగితాలన్నీ గుజరాతీలో ఉన్నాయి, వకీళ్ళందరూ తెల్లవాళ్ళు. నడుమ రెండు భాషలూ వచ్చినవాడొకడు కావాలి. బొంబాయిలో కేసులు దొరకక, రాజ్‌కోటలో అర్జీలు రాసుకుంటున్న 23 ఏళ్ళ బారిస్టరు దొరికాడు. ఏడాది పని, 105 పౌన్ల జీతం, తిండీ బసా కంపెనీవే, రానుపోను మొదటి తరగతి ఖర్చు. అది బారిస్టరుగా పోవడం కాదు, కంపెనీ నౌకరుగా పోవడమేనని గాంధీయే ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

అంటే పని లేని ఒక హిందూ యువకుడికి ఒక ముస్లిం షావుకారు పని ఇచ్చాడు. మహాత్ముడి కథ ఇక్కడ మొదలయింది. ఇది మన పాఠాల్లో లేదా అంటే ఉంది. 'ఒక కేసు నిమిత్తం దక్షిణాఫ్రికా వెళ్ళెను' అని ఒక్క ముక్కలో ఉంది. ఆ ఒక్క ముక్కలో ఎంతమంది మునిగిపోయారో చూడండి.

రైలెక్కే ముందు పడక కోసం ఐదు షిల్లింగులు కట్టి టికెట్టు తీసుకొమ్మని అబ్దుల్లా సేట్ బతిమాలాడు. ఇది మన దేశం కాదు, దేవుడిచ్చింది మనకు చాలా ఉంది, ఖర్చుకు వెనకాడకు అన్నాడు. గాంధీ మొండికేశాడు. ఆ రాత్రి గెంటివేత అయ్యాక తెల్లవారి గాంధీ తంతి కొట్టింది రైల్వే జనరల్ మేనేజరుకు, అబ్దుల్లా సేట్‌కు. సేట్ వెంటనే ఆ మేనేజరును పోయి కలిశాడు, మారిట్జ్‌బర్గ్‌లోని వ్యాపారులకు కబురు పెట్టాడు. వాళ్ళు స్టేషనుకు వచ్చి, ఇటువంటివి మాకు రోజూ ఉన్నవే అని తమ గోడు చెప్పుకుని ఆ కుర్రవాణ్ణి ఓదార్చారు. తర్వాత గుర్రపు బండి మీద దెబ్బలు తిని స్టాండర్‌టన్ చేరితే, ఎదురొచ్చింది ఈసా సేట్ మనుషులు. ప్రిటోరియాలో గాంధీ జీవితంలో చేసిన తొలి బహిరంగ ఉపన్యాసం హాజీ మహమ్మద్ హాజీ జూసబ్ ఇంట్లో. డర్బన్ నుంచి ప్రిటోరియా దాకా ఆ దారి పటం గీస్తే ప్రతి మజిలీలోనూ ఒక ముస్లిం గుమ్మం ఉంటుంది.

ఈ మనుషులకు తెర మీద చోటిచ్చిన సినిమా 1996లో వచ్చింది. 'ద మేకింగ్ ఆఫ్ ద మహాత్మా'. భారతదేశమూ దక్షిణాఫ్రికా కలిసి ఇంగ్లీషులో తీసిన చిత్రం. తీసినవాడు శ్యాం బెనెగల్, మన తిరుమలగిరిలో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 'అంకుర్', 'నిశాంత్'లలో తెలంగాణ దొరతనాన్ని దేశానికి చూపించినవాడు. 2024 డిసెంబరు 23న పోయాడు. గాంధీ వేషం వేసిన రజిత్ కపూర్‌కు ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ కథకు ఆధారం ఫాతిమా మీర్ రాసిన పుస్తకం. స్క్రీన్‌ప్లేలోనూ ఆమె చెయ్యి ఉంది.

ఈ ఫాతిమా మీర్ ఎవరో మనవాళ్ళకు తెలియాలి. 1928లో డర్బన్‌లో పుట్టిన ముస్లిం స్త్రీ. చదువుకునే వయసులోనే 1946 సత్యాగ్రహంలో దిగింది. వర్ణవివక్ష ప్రభుత్వం ఆమె మీద నిషేధాలు పెట్టింది, 1976లో జైల్లో వేసింది. మండేలా జీవితచరిత్ర కూడా రాసింది. 2010లో కన్నుమూసింది. గాంధీ యవ్వనం గురించి మనకు మంచి సినిమా కావాలంటే దానికి కథ ఇచ్చింది ఒక బుర్ఖా లేని, భయం లేని ముసల్మాను ఆడమనిషి. (మన స్త్రీలు అంటే తెరచాటున ఏడ్చేవాళ్ళు తప్ప వేరే బొమ్మ గీయడం రాని పత్రికలవాళ్ళు ఇది చదవాలి.)

దీనికి పద్నాలుగేళ్ళ ముందు, 1982లో, అటెన్‌బరో 'గాంధీ' వచ్చింది. ఊరూరా ఆడింది, బళ్ళ పిల్లలను వరుసగా తీసుకుపోయి చూపించారు. అందులో హత్య, అంతిమయాత్ర అయ్యాక కథ మొదలయ్యేది రైలు పెట్టెలోనే. దక్షిణాఫ్రికాలో గాంధీ పక్కన ఉన్న ముస్లిం వ్యాపారిగా అమ్రీష్ పురి కనిపిస్తాడు. పాత్ర పేరు ఖాన్. అంతే, ఖాన్. దాదా అబ్దుల్లా, హాజీ హబీబ్, కాచలియా, అబ్దుల్ గనీ, వీళ్ళకు వేరువేరు పేర్లు, వేరువేరు ఊళ్ళు, వేరువేరు తెగువలు ఉన్నాయి. తెర మీదికి వచ్చేసరికి అందరూ కరిగి ఒక ఖాన్ అయ్యారు. తెలుగు సినిమాలో సాయిబు పాత్రకు ఏ రహీమో కరీమో అని పెట్టి ఊరుకుంటారే, అదే పద్ధతి. పేరు తీసేస్తే మనిషి చేసిన పని కూడా పోతుంది. అటెన్‌బరోను ద్వేషించి ఈ మాట అనడం లేదు. మూడు గంటల్లో ఒక జీవితం చెప్పాలి, కుదించక తప్పదు. కుదింపులో ముందుగా ఎవరు కుదింపబడతారన్నదే నా ప్రశ్న.

బెనెగల్ సినిమా 1893 నుంచి 1914 దాకా ఆ 21 ఏళ్ళనే పట్టుకుంది. గాంధీ అప్పటికి మహాత్ముడు కాదు, కోటు తొడుక్కుని తిరిగే, పెళ్ళాం మీద అరిచే, తడబడే మనిషి. పల్లవి జోషి కస్తూర్బా అందువల్లనే గుర్తుండిపోతుంది. అలాంటి మనిషి చుట్టూ ఉన్నవాళ్ళకు చోటు దొరుకుతుంది. విగ్రహం చుట్టూ ఎవరికీ చోటుండదు. బాబ్రీ మసీదును కూల్చిన 1992 డిసెంబరు 6కు నాలుగేళ్ళ తర్వాత వచ్చిన సినిమా ఇది. ఈ దేశం కట్టడంలో మీ వాటా ఏమిటని మా ముఖం మీదే అడుగుతున్న రోజులవి.

అయితే వాటా లెక్క చెప్పుకునేటప్పుడు మనవాళ్ళ కథనూ ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. అక్కడ తెల్లవాళ్ళు మన దేశస్థులందరినీ 'కూలీ' అనేవారు. కూలీ బారిస్టరు, కూలీ వ్యాపారి. ఆ మాట తప్పించుకోవడానికి ముస్లిం వ్యాపారులు తాము 'అరబ్బుల'మని చెప్పుకున్నారు. పార్సీలు పర్షియన్లమన్నారు. డర్బన్ కోర్టులో గాంధీని తలపాగా తియ్యమన్నప్పుడు అబ్దుల్లా సేట్ వివరించింది కూడా అదే: ముస్లిం దుస్తుల్లో ఉన్నవాళ్ళకు తలపాగా ఉంచుకునే వీలుంది, తక్కినవాళ్ళు తియ్యాలి. మరి కూలీలెవరు? అరవలు, తెలుగువాళ్ళు, ఉత్తరాదివాళ్ళు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా లక్షా యాభై రెండు వేల మంది గిర్మిట్ కట్టి నేటాల్ చెరుకు తోటలకు పోయారు. గంజాం, విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి పోయిన మన తెలుగు బతుకులున్నాయి వాళ్ళలో. గిర్మిట్ కూలీల్లో ముసల్మానులూ ఉన్నారు. వాళ్ళు అరబ్బులు కాలేకపోయారు. అరబ్బు కావడానికి దుకాణం ఉండాలి.

ఈ జబ్బు మనకు కొత్తదా? మా తాలూకాలో సంబంధం కుదిర్చే దగ్గర కూర్చుని వినండి. మా మూలపురుషుడు అరేబియా నుంచి వచ్చాడని ఒకడు, ఇరాన్ నుంచని ఇంకొకడు. దూదేకులవాడి గడప, ఫకీరు గడప తొక్కడానికి వెనకాడే సయ్యదులు ఎంతమంది లేరు! మమ్మల్ని పరాయివాళ్ళంటున్నారని ఏడుస్తూనే పరాయితనాన్ని పతకంలా తగిలించుకుంటాం. 1894 ఆగస్టు 22న దాదా అబ్దుల్లా ఇంట్లో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టారు. అధ్యక్షుడు అబ్దుల్లా హాజీ ఆదం, కార్యదర్శి గాంధీ. గొప్ప పనే. చందా ఏడాదికి మూడు పౌన్లు. ఏ తోట కూలీ కట్టగలడు? తర్వాత కొద్ది నెలలకు యజమాని పళ్ళూడగొట్టిన బాలసుందరం అనే అరవ కూలీ, తలగుడ్డ చేతిలో పట్టుకుని, నెత్తురోడుతూ గాంధీ ఆఫీసుకు వచ్చాడు. అప్పటికి గాని ఆ గది తలుపు వాళ్ళకు తెరుచుకోలేదు. ఇక ఆ నేల అసలు మనుషులు, నల్లవాళ్ళు, ఈ మొత్తం కథలో ఎక్కడో దూరాన ఉంటారు. ఆ విషయంలో యువ గాంధీ రాతలు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఘనా విశ్వవిద్యాలయంలో ఆయన విగ్రహాన్ని 2018లో తీసేసింది అందుకే.

ఇంత చెప్పాక 1906 సెప్టెంబరు 11కు వస్తాను. జొహానెస్‌బర్గ్ ఎంపైర్ థియేటరు. ఆసియావాళ్ళందరూ వేలిముద్రలిచ్చి పేరు నమోదు చేసుకోవాలన్న చట్టానికి వ్యతిరేకంగా సభ. అధ్యక్షత అబ్దుల్ గనీ. మాట్లాడుతూ మాట్లాడుతూ హాజీ హబీబ్, ఈ చట్టానికి లొంగనని అల్లా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను, మీరూ చేయండి అన్నాడు. గాంధీ ఉలిక్కిపడ్డాడు. అది తాను అనుకుని వచ్చినది కాదని ఆయనే రాశాడు. తేరుకుని లేచి, దేవుడి పేరిట ప్రమాణం అంటే ఏమిటో, తప్పితే ఏమవుతుందో సభకు విడమరిచి చెప్పాడు. అందరూ లేచి చేతులెత్తారు. సత్యాగ్రహం పుట్టిన రోజు అదే. మొదటి మాట ఒక హాజీ నోట వచ్చింది.

రెండేళ్ళకు, 1908 ఆగస్టు 16న, రెండు వేలకు పైగా పర్మిట్లను పెద్ద ఇనుప గాబులో పోసి, కిరసనాయిలు చల్లి, యూసుఫ్ మియా అంటించాడు. అది జరిగింది హమీదియా మసీదు ఆవరణలో. అదే ఏడాది ఫిబ్రవరిలో, ప్రభుత్వంతో రాజీ పడ్డాడన్న కోపంతో గాంధీని కర్రతో కొట్టి స్పృహ తప్పించిన పఠాన్ మీర్ ఆలం కూడా ఆ రోజు అక్కడికి వచ్చాడు. తప్పు చేశానని అందరి ముందూ ఒప్పుకుని తన పర్మిటు మంటకిచ్చాడు. గాంధీ మీద చెయ్యి చేసుకున్న ముస్లిం పేరు అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆ మంట దగ్గర అతను చేసినది చెప్పేవాళ్ళు తక్కువ. చిన్ననాడు గాంధీకి మాంసం మప్పిన చెడ్డ స్నేహితుడిగా షేక్ మెహతాబ్ పేరు కూడా చాలామందికి తెలుసు. అతని భార్య ఫాతిమా 1913 సత్యాగ్రహంలో జైలుకు పోయిందని ఎందరికి తెలుసు?

ఇదంతా ఇబ్రహీంపట్నంలో కూర్చుని రాస్తున్నాను. మా జిల్లా 1978లో ఏర్పడింది, కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. ఆయన ఎవరో మా పిల్లలు చెప్పగలరు. మా ఊరి పేరు ఎవరిదంటే 'ఎవడో నవాబు' అంటారు. ఆ నవాబుకూ ఒక యవ్వనం ఉంది. 1543లో అన్న జంషీద్ తండ్రిని చంపించి గద్దెనెక్కితే, ఇబ్రహీం ప్రాణం చేత పట్టుకుని పారిపోయాడు. బీదరు మీదుగా విజయనగరం చేరాడు. అళియ రామరాయలు ఆశ్రయమిచ్చాడు. ఏడేళ్ళు అక్కడే ఉన్నాడు. తెలుగు మీద ప్రేమ అక్కడే పట్టుకుంది. 1550లో తిరిగొచ్చి గోలకొండ గద్దె ఎక్కి ముప్పై ఏళ్ళు ఏలాడు. హుస్సేన్‌సాగరు ఆయన కాలానిది, మా పెద్దచెరువూ ఆయన పేరనే చెప్పుకుంటారు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరుడు 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాను కోసం పొన్నెగంటి తెలగన అచ్చ తెలుగులో మొదటి కావ్యం 'యయాతి చరిత్ర' రాశాడు.

ముస్లిం సేట్ ఇంట గాంధీ, హిందూ రాయల కొలువులో ఇబ్రహీం. పరాయి గడపలో దొరికిన అన్నం ఇద్దరినీ తయారుచేసింది. తేడా కూడా ఉంది, దాచను. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఇబ్రహీం తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికి తక్కిన సుల్తానులతో కలిసిపోయాడు. సినిమా తీసేవాడు అది వదిలేస్తే అబద్ధం. అదొక్కటే తీస్తే ఇంకా పెద్ద అబద్ధం. రెండోది తీయడానికి డబ్బు పెట్టేవాళ్ళు ఈ రోజుల్లో తొందరగానే దొరుకుతారు.

బెనెగల్ సినిమా వచ్చిన 1996లోనే మాకు దగ్గర్లో రామోజీ ఫిల్మ్‌సిటీ వెలిసింది. ఏ రాజు కోట కావాలన్నా అక్కడ వేసిపెడతారు. విజయనగరం సెట్టు వేయడం వాళ్ళకు పెద్ద పని కాదు. అందులోకి గోలకొండ నుంచి పారిపోయి వచ్చిన తురక కుర్రవాడొకణ్ణి నడిపించి, ఏడేళ్ళు కూర్చోబెట్టే డైరెక్టరు ఇంకా రావాలి.